ల్యాప్‌టాప్ బాడీ లోహమా, ప్లాస్టిక్కా: మన్నికను పోల్చి చూడటం ఎలా?

ల్యాప్‌టాప్ కొనేవారు ప్రాసెసర్ గురించి, ర్యామ్ గురించి గంటల తరబడి ఆరా తీస్తారు గాని, వాటన్నిటినీ ఏళ్లపాటు మోయవలసిన బాడీ విషయానికి వచ్చేసరికి "మెటల్ బాడీయేనా?" అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకుంటారు. ఆ ప్రశ్నకు అవునని జవాబు వచ్చినా దానివల్ల తెలిసేది చాలా తక్కువ. బాడీ ఎక్కువగా దెబ్బతినేది మూత తిరిగే హింజ్‌లు బిగించిన చోట, నాలుగు మూలల్లో, స్క్రూలు దిగిన చోట్ల. కాబట్టి పైకి కనిపించే పదార్థాన్ని చూసి నిర్ణయానికి రాకుండా, బలం పడే ఆ చోట్ల ఏముందో చూడాలి. కొత్తది కొనేటప్పుడైనా, ఒకరు వాడినది తీసుకునేటప్పుడైనా ఈ పరిశీలనను ఏ వరుసలో చేయాలో కింద వివరిస్తున్నాను.

1. ఏ భాగం దేనితో చేశారో విడివిడిగా తెలుసుకోండి

ల్యాప్‌టాప్ బాడీ అంటే ఒక డబ్బా కాదు, నాలుగు ప్యానెళ్లు. రిపేరు చేసేవారు వీటిని ఎ, బి, సి, డి అని పిలుస్తారు. మూత వెనుక భాగం ఎ, స్క్రీన్ చుట్టూ ఉండే బెజెల్ బి, కీబోర్డు, టచ్‌ప్యాడ్ ఉండే భాగం సి, అడుగు భాగం డి. ప్రకటనలో "మెటల్ బాడీ" అని పెద్ద అక్షరాలతో ఉన్నా, వివరాల పట్టిక చదివితే ఎ ప్యానెల్ ఒక్కటే అల్యూమినియమని, మిగిలిన మూడూ ప్లాస్టిక్ అని తేలడం మామూలే. "మెటాలిక్ ఫినిష్" అన్న మాటకైతే ప్లాస్టిక్ మీద వెండి రంగు పూశారన్న అర్థం తప్ప మరొకటి లేదు.

నాలుగింటిలో ఏదో ఒకటి మాత్రమే లోహం కాగలిగితే అది సి ప్యానెల్ కావడం మేలని నా అభిప్రాయం. ఎక్కువ మోడళ్లలో హింజ్‌లు, కీబోర్డు, మదర్‌బోర్డు బిగుసుకునేది దానికే. తయారీదారులు మాత్రం చాలాసార్లు ముందుగా ఎ ప్యానెల్‌కే లోహాన్ని ఇస్తారు, ఎందుకంటే దుకాణంలో కంటికి ఆనేది మూత. పూర్తి లోహపు బాడీలో కూడా ఎక్కడో ఒకచోట ప్లాస్టిక్ పట్టీ ఉంటుందని గుర్తుంచుకోండి. లోహం వై-ఫై సంకేతాలను అడ్డుకుంటుంది కాబట్టి యాంటెన్నాల దగ్గర ఆ పట్టీ తప్పనిసరి. లోహానికీ ప్లాస్టిక్‌కూ మధ్య ఉండే ఆ అతుకు సమంగా ఉందో లేదో గోటితో ఒకసారి నిమిరి చూడండి.

2. చేత్తో తాకి గుర్తించండి

వివరాల పట్టిక దొరకకపోతే చెయ్యే ఆధారం. అయస్కాంతం ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే అల్యూమినియానికి గాని, మెగ్నీషియానికి గాని, ప్లాస్టిక్‌కు గాని అది అంటుకోదు. గంటసేపు ఆపి ఉంచిన ల్యాప్‌టాప్ మీద వేళ్ల వెనుక భాగాన్ని ఆనించండి. లోహమైతే చల్లదనం వెంటనే తెలుస్తుంది, కొన్ని క్షణాలు గడిచినా పోదు. అల్యూమినియం మిశ్రమాలు ప్లాస్టిక్ కన్నా కొన్ని వందల రెట్లు వేగంగా చేతి వేడిని లాగేసుకోవడమే దీనికి కారణం.

మెగ్నీషియం మిశ్రమం దగ్గరే చాలామంది పొరబడతారు. అది తేమకు తుప్పు పట్టే లోహం కాబట్టి దానిమీద దట్టంగా రంగు పూస్తారు. ఆ రంగు వల్ల అది చూడటానికి ప్లాస్టిక్‌లా ఉంటుంది, బరువులోనూ తేలికే. ఘన సెంటీమీటరుకు అల్యూమినియం బరువు సుమారు 2.7 గ్రాములైతే, ల్యాప్‌టాప్‌లలో వాడే మెగ్నీషియం మిశ్రమం బరువు సుమారు 1.8 గ్రాములే. తాకితే తగిలే చల్లదనమే దాని గుట్టు విప్పుతుంది. ల్యాప్‌టాప్‌లకు ఈ లోహం కొత్తదేమీ కాదు. మూత మడిచే తరహా కంప్యూటర్లలో తొలితరానిదైన 1982 నాటి గ్రిడ్ కంపాస్ బాడీ కూడా మెగ్నీషియం మిశ్రమమే.

అడుగు ప్యానెల్ విప్పి చూసే అవకాశం ఉంటే ఇంకా మంచిది. ప్లాస్టిక్ భాగాల లోపలి వైపున, రీసైక్లింగ్ కోసం, పదార్థం పేరును చిన్న అక్షరాలలో అచ్చు వేస్తారు. అక్కడ "పీసీ+ఏబీఎస్" అని ఉంటే అది పాలీకార్బొనేట్, ఏబీఎస్ అనే రెండు రకాల ప్లాస్టిక్‌లు కలిపిన మిశ్రమం. పక్కన "జీఎఫ్20" అని కూడా ఉంటే అందులో 20 శాతం గాజు నార కలిపారని అర్థం. ఈ చిన్న అక్షరాలు ప్రకటనల కన్నా నిజాయితీగా ఉంటాయి.

3. ఏ పదార్థం ఎలా విఫలమవుతుందో తెలుసుకోండి

వంగకుండా నిలబడే గుణంలో లోహానికీ ప్లాస్టిక్‌కూ పోలికే లేదు. ఈ గుణాన్ని కొలిచే సంఖ్య అల్యూమినియానికి సుమారు 70 గిగాపాస్కల్స్, మెగ్నీషియం మిశ్రమానికి సుమారు 45, మామూలు ఏబీఎస్‌కు గాని, పాలీకార్బొనేట్‌కు గాని రెండు, రెండున్నర మాత్రమే. అయితే ఒక రేకు ఎంత గట్టిగా ఉంటుందన్నది దాని మందం మీద కూడా ఆధారపడుతుంది. మందం రెట్టింపు అయితే గట్టిదనం ఎనిమిది రెట్లవుతుంది. ఈ లెక్కన అల్యూమినియం రేకుతో సమానంగా వంగకుండా నిలవాలంటే ప్లాస్టిక్ పలక దానికి సుమారు మూడు రెట్లు మందంగా ఉంటే చాలు. అప్పుడు బరువు మూడో వంతు వరకు పెరుగుతుంది. లోపలి వైపున గట్లు పోస్తే ఆ అదనపు బరువు కూడా తగ్గుతుంది. అంటే మందంగా, లోపల గట్లతో పోసిన ప్లాస్టిక్ బాడీ, పలుచని రేకును అచ్చులో నొక్కి చేసిన లోహపు మూతకు ఏమీ తీసిపోదు. ఇబ్బంది వచ్చేదల్లా ప్లాస్టిక్‌ను కూడా లోహమంత పలుచగా చేయబోయినప్పుడే. సన్నగా, చవకగా, ప్లాస్టిక్‌తో చేసిన ల్యాప్‌టాప్‌ను చూసినప్పుడు మీ అనుమానం ఈ మూడు లక్షణాలూ ఒకేచోట చేరడం మీద ఉండాలి గాని ప్లాస్టిక్ మీద మాత్రమే కాదు.

దెబ్బ తగిలినప్పుడు ఏమవుతుందన్నది వేరే సంగతి. అల్యూమినియం ఒక హద్దు వరకు ఓర్చుకుంటుంది, దాటితే సొట్టపోతుంది, సొట్టపోయాక తిరిగి రాదు. మూత మీద పడిన సొట్ట స్క్రీన్‌ను వెనుక నుంచి నొక్కుతూనే ఉంటుంది. మూల వంగితే ఆ పక్కనున్న పోర్టులో కేబుల్ దూరకపోవచ్చు, లేదా మూత సరిగా మూసుకోకపోవచ్చు. పాలీకార్బొనేట్ చాలావరకు సాగి, దెబ్బను మింగి, మళ్లీ మొదటి ఆకారానికి వస్తుంది. అది తట్టుకోలేని దెబ్బ తగిలితే మాత్రం పగులుతుంది. ఏబీఎస్ పాళ్లు ఎక్కువైన కొద్దీ ఈ ఓర్పు తగ్గుతుంది. అచ్చులో పోసిన మెగ్నీషియం గట్టిదే గాని అల్యూమినియమంతగా సాగదు, అందువల్ల పెద్ద దెబ్బకు వంగే బదులు విరగవచ్చు. గాజు నార కలిపిన ప్లాస్టిక్ వంగడం తగ్గుతుంది గాని కొంత పెళుసెక్కుతుంది. కార్బన్ నార పలకల వంగని గుణం లోహానికి దగ్గరగా ఉంటుంది, బరువు మాత్రం బాగా తక్కువ. వాటిని ఎక్కువగా ఖరీదైన మోడళ్ల మూతల్లోనే చూస్తాం.

లోహాల్లోనూ తయారీ పద్ధతి తేడా తెస్తుంది. ఆపిల్ 2008 అక్టోబరులో మ్యాక్‌బుక్, మ్యాక్‌బుక్ ప్రోలతో తెచ్చిన యూనిబాడీ పద్ధతిలో, ఒకే అల్యూమినియం దిమ్మెను యంత్రంతో తొలిచి పై భాగమంతా చేస్తారు. అవసరమైన చోట మందం ఉంచుకోవచ్చు, అతుకులు ఉండవు. రేకును నొక్కి చేసిన ప్యానెల్‌కు ఆ వెసులుబాటు లేదు, దాని లోపల స్క్రూలు దిగే భాగాలను విడిగా అతికించవలసి వస్తుంది, చాలాసార్లు ఆ అతికించినవి ప్లాస్టిక్కే. రెండింటినీ అమ్మేవారు "అల్యూమినియం బాడీ" అనే అంటారు.

లోహం పేరు చూసి నిశ్చింతగా ఉండకూడదనడానికి ఇంకా పాత ఉదాహరణ ఒకటుంది. 2001లో అదే ఆపిల్ తెచ్చిన పవర్‌బుక్ జీ4 బాడీని టైటానియంతో చేశారు. అంత బలమైన లోహమైనా పైన రంగు పెచ్చులూడటం వల్ల, హింజ్‌లు విరగడం వల్ల ఆ మోడల్‌కు చెడ్డపేరు వచ్చింది.

4. నొక్కి, ఎత్తి, మెలితిప్పి చూడండి

ల్యాప్‌టాప్‌ను ఆన్ చేసి, స్క్రీన్ మీద లేత రంగు బొమ్మ ఏదైనా ఉంచి, మూత వెనుక మధ్య భాగాన్ని రెండు వేళ్లతో నెమ్మదిగా నొక్కండి. బొమ్మలో అలలు కనిపిస్తే సంచిలో పుస్తకాల ఒత్తిడి నేరుగా స్క్రీన్‌కు చేరుతుందని అర్థం. తరువాత మూతను రెండు పై మూలల దగ్గర పట్టుకుని చాలా కొద్దిగా మెలితిప్పండి. ప్లాస్టిక్ మూత కొంత మెలిపడటం సహజం, కిర్రుమనడం మాత్రం సహజం కాదు.

కీబోర్డు మధ్యలో, జీ, హెచ్ అక్షరాల చుట్టుపక్కల, టైపు చేసేటప్పటి కన్నా కాస్త ఎక్కువ బలంతో నొక్కండి. అక్కడ పళ్లెంలా కిందికి దిగిందంటే సి ప్యానెల్ కింద లోహపు చట్రం లేదనుకోవచ్చు. దిగకుండా నిలిచిందంటే, పైన ప్లాస్టిక్కే ఉన్నా కింద మెగ్నీషియం చట్రమో ఉక్కు పలకో ఉండే అవకాశం ఎక్కువ. చివరగా మూత తెరిచి ఉంచి, ముందు వైపు ఒక మూల పట్టుకుని ల్యాప్‌టాప్‌ను బల్ల మీది నుంచి కొద్దిగా పైకెత్తండి. బాడీ వంగినా, టచ్‌ప్యాడ్ దానంతటదే క్లిక్ అయినా, రోజూ ఇలా ఒంటిచేత్తో ఎత్తే అలవాటున్నవారికి ఆ మోడల్ తగదు.

5. హింజ్ దగ్గర ఎక్కువ సమయం గడపండి

ఈ పోలికలో మీ దగ్గర పది నిమిషాలే ఉంటే అందులో ఐదు నిమిషాలు హింజ్‌లకే కేటాయించండి. హింజ్ స్వయంగా సాధారణంగా ఉక్కే. అది ఘర్షణతో పని చేస్తుంది, అందుకే మూతను ఏ కోణంలో వదిలితే ఆ కోణంలో ఆగుతుంది. మూత తెరిచిన ప్రతిసారీ ఆ ఘర్షణకు సరిపడా బలం హింజ్‌ను బాడీకి బిగించిన స్క్రూల మీద పడుతుంది. లోహపు సి ప్యానెల్‌లో ఆ స్క్రూలు లోహంలోకే దిగుతాయి. ప్లాస్టిక్ ప్యానెల్‌లో అలా కాదు. ప్యానెల్ నుంచి గొట్టంలా పైకి లేచిన చిన్న ప్లాస్టిక్ దిమ్మెలోకి, మరలు కోసిన ఇత్తడి బుడిపెను వేడి చేసి దింపుతారు, స్క్రూ ఆ ఇత్తడిలో బిగుసుకుంటుంది. ఇత్తడికీ ప్లాస్టిక్‌కూ ఉన్న పట్టు ఎంతో, ఆ హింజ్ ఆయుష్షు అంతే.

వాడుకలో హింజ్ లోపలి గ్రీజు ఎండుతుంది, దుమ్ము చేరుతుంది, మూత బిగుసుకుపోతుంది. తెరవడానికి ఇంకాస్త బలం కావాలి, ఆ అదనపు బలమూ వెళ్లి దిమ్మె మీదే పడుతుంది. మొదట దిమ్మె అడుగున వెంట్రుక వాసి తెల్లని గీత కనిపిస్తుంది. అది ప్లాస్టిక్ ఓర్పు హద్దుకు చేరిందనడానికి గుర్తు. తరువాత దిమ్మె చీలి, ఇత్తడి బుడిపె స్క్రూతో సహా ఊడి వస్తుంది. బయటి నుంచి చూసేవారికి మూత తెరిచేటప్పుడు హింజ్ ఉన్న మూలలో బెజెల్ కాగితమంత సందుతో విడివడటం, లేదా పటుక్కుమన్న చప్పుడు, ఇవే తొలి గుర్తులు. ఈ దశలో మూతను తెరుస్తూ మూస్తూ ఉంటే పగులు ఎ ప్యానెల్ దాకా పాకుతుంది, ఒక్కోసారి స్క్రీన్ గాజు కూడా పోతుంది.

కాబట్టి కొనేముందు మూతను పూర్తిగా మూసి, ముందు అంచు మధ్యలో ఒక వేలు పెట్టి నెమ్మదిగా ఎత్తండి. అడుగు భాగం బల్ల మీదే ఉండి మూత ఒక్కటే లేస్తే ఘర్షణ తగిన పాళ్లలో ఉందన్నమాట. మొత్తం ల్యాప్‌టాప్ లేస్తున్నదంటే హింజ్ బిగువుగా ఉందని గాని, అడుగు మరీ తేలికని గాని అనుకోవాలి. బాడీ ప్లాస్టిక్కై, హింజ్ కూడా బిగువుగా ఉంటే నేనైతే ఆ మోడల్‌ను అక్కడితో వదిలేయమంటాను. తరువాత మూతను ఒకసారి ఎడమ మూల నుంచి, ఒకసారి కుడి మూల నుంచి చాలా మెల్లగా తెరిచి, రెండో మూల వెనకబడుతున్నదేమో చూడండి. ఇది పరీక్ష కోసం మాత్రమే. వాడుకలో ఎప్పుడూ మధ్యలో పట్టుకునే తెరవాలి.

ఇప్పటికే వాడుతున్న ప్లాస్టిక్ ల్యాప్‌టాప్‌లో హింజ్ బిగుసుకుంటున్నట్టు అనిపిస్తే, ఏదీ విరగకముందే రిపేరు చేసేవారి దగ్గర దాన్ని శుభ్రం చేయించి, ఘర్షణను సర్దే నట్టు ఉన్న రకమైతే దాన్ని కొద్దిగా వదులు చేయించండి. దిమ్మె విరిగిన తరువాత ఎపాక్సీ జిగురుతో అతికించవచ్చు గాని, హింజ్‌ను వదులు చేయకుండా అతికిస్తే ఆ అతుకు మళ్లీ ఊడటం ఖాయం.

6. కింద పడితే తట్టుకుంటుందన్న మాటను తూచి తీసుకోండి

కొన్ని మోడళ్ల మీద అమెరికా సైనిక ప్రమాణమైన మిల్-ఎస్‌టీడీ-810 పేరు కనిపిస్తుంది. ప్రస్తుతం వాడుకలో ఉన్న హెచ్ కూర్పు 2019లో వచ్చింది. అందులోని రవాణా పతన పరీక్షలో, చేత మోసే వస్తువును 122 సెంటీమీటర్ల ఎత్తు నుంచి 26 సార్లు పడేస్తారు. ఆరు ముఖాలు, పన్నెండు అంచులు, ఎనిమిది మూలలు కలిపితే ఆ 26. వినడానికి గొప్పగానే ఉంటుంది గాని, ఈ 26 దెబ్బలను ఐదు నమూనాల వరకు పంచడానికి ఆ ప్రమాణమే అనుమతిస్తుంది. ఏయే పరీక్షలు చేయాలో, ఏ ఎత్తు నుంచి పడేయాలో తయారీదారే ఎంచుకోవచ్చు, పైగా దీన్ని తనిఖీ చేసి ముద్ర వేసే సంస్థ ఏదీ లేదు. కాబట్టి ప్రమాణం పేరు దగ్గర ఆగకుండా, పతన పరీక్ష చేశారా, ఎంత ఎత్తు నుంచి చేశారు అన్న రెండు వివరాలూ ఇచ్చిన తయారీదారుకు ఎక్కువ మార్కులు వేయండి. చెప్పకపోతే ఆ ముద్రకు విలువ ఇవ్వనవసరం లేదు.

బల్ల ఎత్తు నుంచి పడే సందర్భాల్లో మూలల చుట్టూ కాస్త మందంగా, మెత్తగా ఉండే ప్లాస్టిక్ బాడీకే నేను మొగ్గు చూపుతాను. గట్టి లోహపు మూల నేలకు తగిలినప్పుడు, సొట్టపడగా మిగిలిన అదురంతా లోపలికే వెళుతుంది, దాన్ని భరించవలసింది స్క్రీన్ గాజు. సంచిలో బరువుల కింద నలిగే వాడుకలో మాత్రం లోహపు మూతదే పైచేయి.

7. పై పూత ఎలా అరుగుతుందో అంచనా వేయండి

అల్యూమినియం మీద ఉండే ఆనోడైజింగ్ పొర రంగు కాదు. లోహం పైభాగాన్నే గట్టి ఆక్సైడ్‌గా మార్చడం వల్ల ఏర్పడేది, మందం మామూలుగా 5 నుంచి 25 మైక్రాన్లు. చిన్న గీతలను బాగానే ఆపుతుంది. అయితే ఒకసారి తెగితే ఇంట్లో సరిచేసే మార్గం లేదు, ముదురు రంగుదైతే లోపలి వెండి మెరుపు దూరం నుంచే కనిపిస్తుంది. అందువల్ల లోహపు బాడీ తీసుకునేవారికి వెండి రంగు క్షేమం. చెమటలోని ఉప్పు కూడా ఏళ్ల మీద ఈ పొరను తినేస్తుంది. మణికట్టు ఆనే చోట, గడియారం బకిల్ రాసుకునే అంచున, ఆవగింజలో సగమంత గుంటలు పడతాయి. చెమట ఎక్కువగా పట్టేవారు వారానికొకసారి తడి బట్టతో తుడిచి, పొడి బట్టతో ఆరబెడితే ఇది చాలా నెమ్మదిస్తుంది.

ప్లాస్టిక్‌లో, రంగు కలిపి పోసినదానికీ రంగు పైన పూసినదానికీ ఉన్న తేడాను గమనించండి. మొదటిదాని మీద గీత పడినా లోపలా అదే రంగు కాబట్టి కనిపించదు, రెండోది అంచుల దగ్గర పూత పోయి వేరే రంగు బయటపడుతుంది. పోర్టుల అంచులను, గాలి రంధ్రాల అంచులను దగ్గరగా చూస్తే అది ఏ రకమో తెలిసిపోతుంది. రబ్బరులా మెత్తగా ఉండే పూతకు మాత్రం దూరంగా ఉండమనే నా సలహా. కొత్తలో చేతికి హాయిగా ఉన్నా, కొన్నేళ్లకు తేమవల్ల విచ్ఛిన్నమై జిగురుగా మారుతుంది. శుభ్రం చేసేటప్పుడు అసిటోన్ ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్‌ను ఏ ప్లాస్టిక్ బాడీ మీదా వాడకండి. అది ఏబీఎస్‌ను కరిగిస్తుంది, పాలీకార్బొనేట్‌కు బీటలు తెస్తుంది.

8. వేడి విషయంలో తొందరపడి తీర్పు ఇవ్వకండి

లోహపు బాడీ చేతికి ఎక్కువ వేడిగా తగలడాన్ని లోపంగా, ప్లాస్టిక్ చల్లగా ఉండటాన్ని గుణంగా లెక్కించకూడదు. లోహం లోపలి వేడిని బయటికి పంచుతున్నది కాబట్టే అలా తగులుతుంది. ఫ్యాన్ ఉన్న ల్యాప్‌టాప్‌లో వేడిని బయటికి పంపే పనిలో ఎక్కువ భాగం దానిదే కనుక, ఆయుష్షు లెక్కలో ఈ తేడా చిన్నది. ఫ్యాన్ లేని మోడళ్లకు మాత్రం లోహమే ఎంచుకోవాలి. చార్జింగ్‌లో ఉన్న లోహపు బాడీ మీద చెయ్యి జారిస్తే చిరుగగుర్పాటులా అనిపించడం రెండు పిన్నుల చార్జర్లలో ఉండేదే. మూడు పిన్నుల చార్జర్‌ను సరైన ఎర్తింగ్ ఉన్న ప్లగ్గులో పెడితే అది పోతుంది.

9. వాడినది కొనేటప్పుడు ఇంకో రెండు చూడండి

మొదటిది, ల్యాప్‌టాప్‌ను సమతలంగా ఉన్న బల్ల మీద పెట్టి నాలుగు మూలలనూ ఒక్కొక్కటిగా నొక్కండి. ఊగుతూ ఉంటే లోహపు బాడీ వంకరపోయి ఉండవచ్చు, లేదా ఏ పదార్థమైనా సరే లోపల బ్యాటరీ ఉబ్బి ఉండవచ్చు. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అది క్లిక్ కాకపోయినా, అడుగు ప్యానెల్ మధ్యలో సందు కనిపించినా బ్యాటరీనే అనుమానించాలి. అలాంటి ల్యాప్‌టాప్‌ను చార్జింగ్‌లో పెట్టకుండా, నొక్కి సర్దే ప్రయత్నం చేయకుండా, ముందు బ్యాటరీ మార్పించాలి.

రెండోది, అడుగున ఉన్న స్క్రూలను లెక్క చూడండి. ఒకటో రెండో లేవంటే, లేదా తలలు అరిగి ఉన్నాయంటే ఎవరో విప్పారని తెలుస్తుంది. ప్లాస్టిక్ బాడీలో వెనుక వరుసలో, హింజ్‌ల కింద ఉండే స్క్రూలే లేకపోతే లోపలి దిమ్మెలు ఇప్పటికే విరిగి ఉండే అవకాశం ఎక్కువ. ప్లాస్టిక్ ప్యానెల్ విడిగా దొరుకుతుంది, మార్చడం తేలిక. కీబోర్డు, బ్యాటరీ కలిపి అతికించిన లోహపు పై భాగాన్ని మార్చవలసి వస్తే ఖర్చు చాలాసార్లు ఆ పాత ల్యాప్‌టాప్ విలువకు దగ్గరగా వస్తుంది. కాబట్టి బేరం కుదుర్చుకునేముందు ఆ మోడల్ సి, డి ప్యానెళ్లు విడిగా దొరుకుతున్నాయా, ఏ ధరకు దొరుకుతున్నాయి అన్నది రిపేరు చేసేవారిని అడిగి, ఆ మొత్తాన్ని అడిగిన ధరకు కలిపి చూసుకోండి.